బాయిలరు పరీక్ష: పనికి పది, పరీక్షకు పదిహేను ఎందుకు?

"బాయిలరు బాగానే నడుస్తోంది గదా! దాన్ని చల్లార్చి, నీళ్లు నింపి పరీక్ష పెట్టడం దేనికి? ఆ రోజు పని ఆగిపోదా?" అని సభ్యులకు సందేహం రావచ్చు. ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

క్యాన్లు కడగడానికి, పాలు పాశ్చరైజు చేయడానికి డెయిరీలో ఆవిరి కావాలి. ఒక బాయిలరు పని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు అనుకుందాం. అందులోని నీరు సుమారు 183 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉంటుంది. రేకు చీలితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, ఆ నీటిలో కొంత భాగం క్షణంలో ఆవిరి అవుతుంది. లీటరు నీరు ఆవిరైతే బయట సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. పేలుడు అంటే ఇదే.

పరీక్ష ఎలా చేస్తారు?

బాయిలరును చల్లని నీటితో నింపి, గాలి లేకుండా చూసి, పంపుతో ఒత్తిడి పెంచుతారు. కొత్త బాయిలరుకు పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, అంటే పైన చెప్పిన దానికి 15 కిలోలు పెడతారు. వాడుకలో ఉన్న బాయిలరుకు ఎంత పెట్టాలో నిబంధనల ప్రకారం ఇన్‌స్పెక్టరు నిర్ణయిస్తారు. అతుకుల దగ్గర చెమ్మ గాని, రేకులో ఉబ్బు గాని ఉన్నదేమో చూస్తారు.

గాలితో ఎందుకు చేయరు? గాలి స్ప్రింగువలె నొక్కుకొని ఉండి, రేకు చీలగానే విరుచుకుపడుతుంది. నీరు దాదాపు నొక్కుకుపోదు. అందుచేత చీలిన చోట నీరు చిమ్మి, ఒత్తిడి వెంటనే పడిపోతుంది.

మిగులు బలం ఎవరిది?

చేదతాడు కొనేటప్పుడు నిండు బొక్కెనకు సరిగ్గా సరిపోయేది కొనము. తాడు నానుతుంది, ఒరుసుకుంటుంది, పాతబడుతుంది. బాయిలరూ అంతే. పరీక్ష చల్లని నీటితో జరుగుతుంది. పని మంట మీద జరుగుతుంది. లోపల సున్నపు పెచ్చు కడితే వేడి నీటికి చేరక రేకు ఎర్రబడి మెత్తబడుతుంది. తుప్పు రేకును పలచన చేస్తుంది. 10కీ 15కీ మధ్యనున్న ఆ 5 కిలోలు ఇటువంటి కనబడని నష్టాల కోసం దాచిన బలం. "15కు తట్టుకుంది గదా, 12తో నడుపుదాం" అనుకోవడం విత్తనాల గింజలు వండుకు తినడమే.

గుర్తుంచుకోవలసినవి

1. గేజి ముల్లు ఎర్ర గీత దాటరాదు.
2. సేఫ్టీ వాల్వు మీద బరువు పెట్టరాదు, తీగతో కట్టరాదు. ఆవిరి వృథా అయినా ప్రాణం దక్కుతుంది.
3. గాజు గొట్టంలో నీరు కనబడకపోతే వెంటనే మంట ఆపాలి. కాలిన రేకు మీదికి చన్నీరు పంపరాదు.
4. ధృవపత్రం గడువు ఎప్పటివరకో పాలకవర్గ సభ్యులు అడిగి తెలుసుకోవాలి.

మన వంటింటి ప్రెషర్ కుక్కరుకూ ఇదే నీతి. విజిలు మీద బరువు పెట్టకండి. పాడైన సేఫ్టీ ప్లగ్గు స్థానంలో ఆ కుక్కరుకు తగినదే వేయించండి. పరీక్షకు ఒక రోజు పని ఆగితే మరునాడు అందుకోవచ్చు. బాయిలరు దగ్గర పనిచేసే మనిషి పోతే తిరిగి రాడు.