పాతరలో దీపం

ధాన్యాన్ని దాచుకోవడానికి మన పూర్వులు కనిపెట్టిన పద్ధతులు అనేకం. వెదురుతో అల్లి పేడతో అలికిన గాదెలు, గడ్డివెంటితో చుట్టిన పురులు, మట్టి కాగులు, నేలలో తవ్విన పాతరలు అటువంటివి. వీటిలో పాతరది ప్రత్యేకమైన స్థానం. మెట్టప్రాంతాల రైతులు నిలువెత్తు గొయ్యి తీసి, అడుగునా చుట్టూ గడ్డి పరచి, జొన్నలు నింపి, పైన బండరాయి కప్పి మట్టితో మెత్తేవారు. అవసరం కలిగిన నాడు ఆ రాయి తొలగించేవారు. అయితే రాయి తొలగిన వెంటనే ఎవరూ లోపలికి దిగేవారు కారు. కొంతసేపు నోరు తెరచి ఉంచి, తాడుకు కట్టిన దీపాన్ని మెల్లగా లోపలికి జారవిడిచేవారు. దీపం నిలిచి వెలిగితే మనిషి దిగుతాడు. అది కొండెక్కితే ఆగుతాడు.

ఈ ఆచారం వెనుక ఉన్న కారణం నేటి విద్యార్థికి తెలియనిది కాదు. గింజ ప్రాణమున్న పదార్థం. అది కూడా శ్వాసిస్తుంది. మూసిన గోతిలో నెలల తరబడి ప్రాణవాయువును వాడుకొని బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. ఈ వాయువు గాలి కంటె బరువైనది కనుక అడుగున పేరుకొంటుంది. దానికి రంగు లేదు, గుర్తించదగిన వాసన లేదు. అందువల్ల తొందరపడి దిగినవాడు కేక వేసే వ్యవధి కూడా లేకుండా కుప్పకూలుతాడు. అంతటితో ఆగితే ఒక ప్రాణమే పోయేది. పైనున్న అన్నో తమ్ముడో చూస్తూ నిలువలేక వెంటనే దిగుతాడు, అతని వెనుక మరొకడు దిగుతాడు. పాతరలలోనే కాదు, పూడిక తీసే బావులలోను, మురుగునీటి గుంటలలోను ఈనాటికీ ఇదే వరుస. రక్షించబోయినవారే ఎక్కువమంది మరణించిన సందర్భాలు కూడా ఉన్నాయి. పైనున్నవారు చేయవలసిన పని దిగడం కాదు. దిగే మనిషికి ముందే తాడు కట్టి ఉండాలి, ఆ తాడు కొస పైవాని చేతిలో ఉండాలి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. దీపపు పరీక్ష ధాన్యపు పాతరకు సరిపోయింది కాని, అన్నిచోట్లకూ పనికిరాదు. మురుగుగుంటలో మండే వాయువులు ఉంటాయి. అక్కడ దీపం దింపితే విస్ఫోటనమే. నేడు గాలిలోని ప్రాణవాయువును కొలిచే చిన్న పరికరాలు వచ్చాయి. మామూలు గాలిలో అది సుమారు 21 శాతం. 19.5 శాతం కంటె తగ్గిన చోటికి తగిన శ్వాస పరికరం లేకుండా దిగరాదని నియమం.

కాలక్రమంలో పాతరలు పూడిపోయాయి. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడిన తరువాత ధాన్యం ఊరి నేలను విడిచి పెద్ద పెద్ద గోదాములకు చేరింది. దాచే చోటు మారింది కాని, దాచిన వస్తువు స్వభావం మారలేదు. తేమ ఆరని ధాన్యం బస్తాలో కూడా వేడెక్కుతుంది. పచ్చిగడ్డితో వామి వేస్తే లోపల కాగి పొగలు రావడం పల్లెవాసులెరిగిన విషయమే. కనుకనే గోదాములో బస్తాలను నేలకు ఆనించక చెక్కల మీద పేరుస్తారు. నెట్టుకూ గోడకూ నడుమ మనిషి నడిచేంత ఎడం విడుస్తారు. ఆ ఎడం గాలి ఆడడానికే కాక, ఆపద వచ్చినప్పుడు హమాలీ బయటపడడానికి కూడా. స్థలం కలిసివస్తుందని ఆ దారిలో నాలుగు బస్తాలు వేయడం గోదాములలో తరచు కనిపించే దురభ్యాసం. అట్లే నెట్టును పై వరుస నుంచి మెట్లుమెట్లుగా దించాలి. అడుగు బస్తాను లాగితే ఏభై కిలోల బస్తాలు ఒకదాని వెంట ఒకటి మీద పడతాయి.

పురుగు పట్టకుండా గోదాములలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడు గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీన్ అనే విషవాయువును వెలువరిస్తుంది. నెట్టును పట్టాతో కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పెట్టి, రోజుల తరబడి మూసి ఉంచి, తలుపు మీద హెచ్చరిక పలక తగిలిస్తారు. అనుమతి పొందిన నిపుణులు మాత్రమే చేయవలసిన పని ఇది. వెల్లుల్లి వంటి వాసన వస్తే తెలుస్తుంది కదా అని ధైర్యపడేవారున్నారు. వాసన రానంతమాత్రాన విషం లేదని చెప్పలేము. ఈ మందును ఇంట్లో బియ్యపు డబ్బాలో వేసి, అదే గదిలో నిద్రించడం కంటె ప్రమాదకరమైన పని మరొకటి ఉండదు.

నిద్ర అన్నమాట వచ్చింది కనుక సికింద్రాబాదులోని భోయిగూడలో జరిగిన దుర్ఘటనను స్మరించక తప్పదు. 2022 మార్చి 23న తెల్లవారకముందే అక్కడి పాత సామాను గోదాములో నిప్పు రగిలింది. కింద సామాను, పైన కూలీల పడక. బీహారు నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన పన్నెండు మంది ఆ రాత్రి అక్కడ నిద్రిస్తున్నారు. వారు దిగిరావలసిన దారి మంటల వైపే ఉంది. ఒక్కడు బయటికి దూకి బ్రతికాడు. పదకొండు మంది మరణించారు. ఇట్టి ప్రమాదాలలో మనిషిని మొదట కూల్చేది మంట కాదు, పొగ. నిద్రలో ఉన్నవానికి దాని వాసనైనా తెలియదు. సరకు ఉన్న కప్పు కింద మనిషి పడక ఉండరాదన్న నియమం కాగితం మీద చిన్నది. కాని నగరంలో గది అద్దె కట్టలేని కూలీకి గోదామే ఇల్లు. యజమాని ఉచితంగా చోటు ఇచ్చానని భావిస్తాడు, కూలీ ఉపకారమని తలుస్తాడు. రెండవ మెట్లదారి ఎక్కడ అని అడగడం ఇద్దరికీ తోచదు.

మరుసటి సంవత్సరం, 2023 నవంబరు 13న, హైదరాబాదులోని బజార్‌ఘాట్‌లో నివాస భవనపు కింది అంతస్తున నిల్వ ఉంచిన రసాయన పీపాలు అంటుకొని పలువురు అసువులు బాశారు. పీపాలు ఒకరివి, పై అంతస్తులలో కాపురాలు వేరొకరివి.

ఇప్పుడు నగరాలలో మరొక రకం పాతరలు వెలిశాయి. సొంత సామాను దాచుకోవడానికి నెలకింత అని అద్దెకిచ్చే గదులవి. 1960ల దశకంలో అమెరికాలో వ్యాపించిన ఈ పద్ధతి హైదరాబాదు వంటి చోట్లకూ వచ్చింది. విదేశాలకు వెళ్లేవారు, ఇల్లు మారేవారు గది తీసుకొని తాళం వేసుకుపోతారు. సగం నిండిన గ్యాసు బండ, పెట్రోలు ఉన్న మోటారు సైకిలు, రంగు డబ్బాలు, పురుగుమందులు, విద్యుత్ స్కూటరు బ్యాటరీ వీటిలో పెట్టరాదు. ఉబ్బిన లేదా దెబ్బతిన్న బ్యాటరీ ఎవరూ తాకకపోయినా రగిలి, ఆరినట్లే ఆరి మళ్లీ అంటుకొంటుంది. చుట్టుచూపు తలుపు దించి తాళం వేసే ముందు లోపల ఎవరైనా ఉన్నారేమో పిలిచి చూడాలి. నిప్పు కనబడితే సామాను కోసం వెనుకకు పోక, నడుము వంచి పొగ కింద నుంచి బయటపడి, 101కి గాని 112కి గాని ఫోను చేయాలి.

గది తీసుకొనేటప్పుడు లోపల ఏమి పెడుతున్నారో రాసి ఇమ్మని అడిగితే చాలామంది ‘ఇంటి సామాను’ అని రాసి సంతకం చేస్తారు. అర్ధరాత్రి నీటిగొట్టాలతో వచ్చిన అగ్నిమాపక సిబ్బందికి ఆ మూసిన తలుపుల వెనుక ఏముందో తెలిపేది ఆ రెండు మాటలే.

అభ్యాసం

1. పాతరలోకి దిగే ముందు దీపం జారవిడిచే ఆచారాన్ని, దాని శాస్త్రీయ కారణాన్ని వివరించండి.
2. భోయిగూడ దుర్ఘటనకు దారితీసిన పరిస్థితులను చర్చించండి.
3. దీపం కొండెక్కు, పొట్ట చేతపట్టుకొని, అసువులు బాయు – వీటిని సొంతవాక్యాలలో ప్రయోగించండి.