మూడేండ్ల డిప్లొమా: వ్యయమెంత, ఫలమెంత?

నాగార్జునసాగరము వంటి మహానిర్మాణములయందు మన్ను మోసి, రాయి కొట్టి, దేశమంతట పేరు గాంచినవారు పాలమూరు కూలీలు. ఆ కట్టలమీదనే టేపు పట్టి కొలతలు తీసినవాడు ఓవర్సియరు. ఇరువురును ఒకే యెండలో నిలిచినవారే యైనను, పని ముగియుటతో కూలివాడు మూట కట్టుకొని వేఱొక యూరికి పోవలసివచ్చెను. ఓవర్సియరునకు మాత్రము నెలజీతము కొనసాగెను. ఆ యంతరమునకు కారణము పెక్కుతావుల మూడేండ్ల డిప్లొమాయే.

పదవ తరగతి ముగిసిన పిమ్మట పాలిసెట్ వ్రాసి నల్లగొండ, మహబూబ్‌నగర్ పాలిటెక్నిక్‌లలోగాని, సంస్థానాధీశుల ప్రాసాదమందు 1959లో నెలకొన్న వనపర్తి పాలిటెక్నిక్‌లోగాని చేరదలచిన విద్యార్థి మొదట కాలపు లెక్క చూచుకొనవలెను. ఇంటరు రెండేండ్లు, బీటెక్ నాలుగేండ్లు కలిసి ఆఱేండ్లు. డిప్లొమా మూడేండ్లు చదివి, ఈసెట్ ద్వారా బీటెక్ రెండవ సంవత్సరమున నేరుగా చేరినచో అదియు ఆఱేండ్లే. కాలము నష్టము కాకపోగా, నడిమధ్య ఉద్యోగార్హత గల పట్టా యొకటి చేతికందును. ఇంటి పరిస్థితి బాగులేనివాడు అక్కడనే ఆగి సంపాదింపవచ్చును; ఇంటరు పిమ్మట సాధారణ డిగ్రీ ముగించుటకు ఐదేండ్లు పట్టును గనుక, వానికంటె రెండేండ్లు ముందుగా జీతమందుకొనును. నెలకు 15,000 రూపాయలని యనుకొన్నను ఆ రెండేండ్ల రాబడి 3,60,000 రూపాయలగును.

నీటిపారుదల, పంచాయతీరాజ్ శాఖలలో అసిస్టెంటు ఇంజనీరు పదవికిని, రైల్వేలో జూనియర్ ఇంజనీరు పదవికిని డిప్లొమాయే అర్హత. జడ్చర్ల సమీపమున పోలేపల్లి ఔషధ పరిశ్రమలు, దామరచర్ల మండలమున యాదాద్రి విద్యుత్కేంద్రము మన జిల్లాలయందే యున్నవి గనుక, బ్రాంచి యెంచుకొనునపుడు స్నేహితుని మాటకంటె ఈ పరిశ్రమల యవసరములకు ఎక్కువ విలువ నీయవలెను. పట్టా చేతికి రాగానే ఉద్యోగము దొరకనివారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద భృతితోకూడిన శిక్షణ కలదు.

ఇక ధనసహాయము. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనములు 1944 నుండియే యున్నవి; ఫీజు రీయింబర్స్‌మెంటు ఉమ్మడి రాష్ట్రమున 2008 ప్రాంతమున విస్తరిల్లినది. వెనుకబడిన తరగతులవారికి గ్రామములలో 1,50,000, పట్టణములలో 2,00,000 రూపాయల వార్షికాదాయము పరిమితి. హాజరు 75 శాతము తప్పనిసరి. బాలికలకు ఏఐసీటీఈ వారి ప్రగతి ఉపకారవేతనము ఏటా 50,000 రూపాయలు. కుటుంబాదాయము 8,00,000 లోపు నుండవలెను.

కాని యీ సొమ్మును చేతిలోని సొమ్ముగా లెక్కించుట యవివేకము. నిధుల విడుదల ఆలస్యమై, బకాయి చెల్లించుదాక సర్టిఫికెట్లీయమని కొన్ని ప్రైవేటు కళాశాలలు పట్టుబట్టుట యందఱెఱిగినదే; కావున సీటు దొరికినంతవఱకు ఫీజు స్వల్పమైన ప్రభుత్వ కళాశాలకే మొగ్గు చూపవలెను. మఱియొక చిక్కు మీసేవ కేంద్రముకడ ఎదురగును: పదవ తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా నుండి, ఆధారులో ఒక్క పొడియక్షరమే యున్నచో, ఉపకారవేతనమునకై పెట్టు ఈపాస్ దరఖాస్తు అక్కడనే నిలిచిపోవును. ఆ సవరణయు, ఆదాయ ధ్రువపత్రమును, ఆధారుతో ముడివడిన బ్యాంకు ఖాతాయు ప్రవేశములకు ముందే, వేసవి సెలవులలోనే సిద్ధపఱచుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది చదువు ముగించుట. రెండేండ్లు చదివి బ్యాక్‌లాగులతో మానుకొన్నవానికి ఫీజును కాలమును రెండును వ్యర్థములగును. ఉద్యోగమిచ్చువాడు చదివిన యేండ్లను గణింపడు, పట్టానే అడుగును. కనుక మొదటి సంవత్సరమున గణితము తప్పినవాడు సిగ్గుపడక, ఆ వేసవిలోనే అధ్యాపకునియొద్ద కూర్చుండి, ఆ యొక్క పేపరును గట్టెక్కుట ఏ యుపకారవేతనముకంటెను ఎక్కువ లాభమని యెఱుగవలెను.