తడిసిన బాట – జారెడు చక్రము

విద్యార్థులారా! తొలకరి జల్లు పడినవెంటనే బాటపై సైకిళ్లును మోటారు వాహనములును జారుట మీరెరిగినదే. దీనిని తలవ్రాతయని సరిపెట్టుకొనరాదు. కారణములు తెలిసినచో ప్రమాదము తప్పించుకొనవచ్చును.

టైరునకును బాటకును నడుమగల పట్టే ఘర్షణ. దాని కొలతకు ఘర్షణ గుణకమని పేరు. మంచి పొడిబాటపై నిది సుమారు 0.7, తడిసినచో 0.4కును, ఒక్కొక్కచో అంతకు దిగువకును పడిపోవును. బ్రేకు పట్టిన పిదప బండి సాగు దూరము తెలియుటకు, సెకనుకు ఇన్ని మీటర్లను వేగమును వర్గము చేసి, దానిని 2, గుణకము, గురుత్వ త్వరణము 9.8 – ఈ మూడింటి లబ్ధముచే భాగింపవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 16.7 మీటర్లు. గుణకము 0.7 అయినచో బండి 20 మీటర్లలో నిలుచును, 0.35 అయినచో 40 మీటర్లు కావలెను. వేగము రెండింతలైన దూరము నాలుగింతలగును. చోదకుడు అపాయమును గుర్తించి బ్రేకు పట్టులోపల బండి సాగు దూరము దీనికి అదనము.

బాట గరుకుదనము రెండు విధములు. రాతి ముఖమునందలి సన్నని గరుకు టైరును పట్టుకొనును; రాళ్ల నడుమ సందులు నీటిని తొలగించును. చక్రముల రాపిడిచే రాళ్లు నునుపెక్కును. సున్నపురాయి మరింత త్వరగా నునుపగును. ఎండకు తారు పైకుబికినచో సందులు పూడిపోవును. తొలివానకు దుమ్మును, చమురును కలిసి జిగటపొరగా నేర్పడును. పెద్దవాన దానిని కడిగివేయును. కాని నిలిచిన నీటిపై వేగముగా పోవు టైరు నేలనంటక తేలిపోవచ్చును. అప్పుడు బ్రేకుగాని చుక్కానిచక్రముగాని పనిచేయవు. ఆ నీటిని వెడలగొట్టుటకే టైరునకు గాళ్లు. కారు టైరునకు అవి 1.6 మిల్లీమీటర్ల లోతుకు తగ్గరాదు.

తల్లిదండ్రులకొక మనవి. కర్ణాటకమున మన పల్లెలలో రాగి కంకులను బాటపై పరచి, వాహనములచే నూర్పించు వాడుక గలదు. కళ్లము లేని రైతు కష్టము మాకు తెలియనిది కాదు. అయినను ఆ గడ్డిపై చక్రము బాటనంటదు; తడిసినచో మరింత జారును. ఆ దారినే మన పిల్లలు సైకిళ్లపై బడికి వచ్చుచున్నారు. ఊరివారందరు కూడి ఉమ్మడి కళ్లమొకటి ఏర్పరచుకొనుట మేలు.

బాలలారా! తడిబాటపై మలుపునకు ముందే వేగము తగ్గింపుడు. మలుపులో బ్రేకు గట్టిగా పట్టకుడు. ముందు బండికి దూరముగా నుండుడు.

అభ్యాసము: తడిబాటపై గుణకము 0.35. బ్రేకు పట్టునప్పటికి 15 మీటర్ల దూరమున ఆవు నిలిచియున్నది. గంటకు 30 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి దానిని తాకునా? 60 అయినచో నేమగును? లెక్కించి ఇంటివారికి చూపుడు.