సైకిలు సముద్రయానం: బరువు కాదు, చోటు

చక్రం అనగానే పొందూరు వారికి మొదట స్ఫురించేది రాట్నమే. ఆ రాట్నాన్ని ఒక చిన్న పెట్టెలో ఇమిడేటట్లు చేసిన ఘనత గాంధీజీది. 1930 ప్రాంతంలో ఆయన యరవాడ జైలులో ఉన్నప్పుడు రూపుదిద్దుకొన్నది కనుక దానికి యరవాడ చక్రమని పేరు వచ్చింది. చక్రాన్ని పెట్టెలో ఇమిడ్చే ఈ విద్య సైకిలుకు సైతం వర్తిస్తుంది.

గత సంవత్సరం మన పూర్వవిద్యార్థి ఒకడు నా వద్దకు వచ్చాడు. అతనికి జర్మనీలో పై చదువుకు అవకాశం లభించింది. "సార్, అబ్బా కొనిచ్చిన సైకిలు వెంట తీసుకుపోవాలని ఉంది. పార్సిలు వాళ్ళు సైకిలు ఖరీదు కంటె ఎక్కువ అడుగుతున్నారు. బరువు ఇరవై కిలోలే గదా, అంత ఎందుకు?" అన్నాడు. తండ్రి కుట్టుమిషను మీద కూడబెట్టిన డబ్బుతో కొన్న సైకిలది. అతని ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

విమానంలోగాని, ఓడలోగాని కొరతగా ఉండేది చోటు. అందుచేత రవాణా సంస్థలు వస్తువు అసలు బరువును, అది ఆక్రమించే చోటును బట్టి కట్టిన బరువును పోల్చి, ఏది ఎక్కువైతే దానికే కిరాయి వసూలు చేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, కొరియరు సంస్థలు సాధారణంగా 5000 చేత, విమాన సరకు రవాణాలో 6000 చేత భాగిస్తారు.

మేమిద్దరం టేపు పట్టుకొని కొలిచాము. నిలబెట్టిన సైకిలు పొడవు 190, వెడల్పు 60, ఎత్తు 110 సెంటీమీటర్లు. 5000 చేత భాగిస్తే దాదాపు 251 కిలోలు! అదే సైకిలును విప్పి 140, 20, 80 సెంటీమీటర్ల అట్టపెట్టెలో సర్దితే 44.8 కిలోలు. సైకిలు మారలేదు, అది ఆక్రమించే చోటు మాత్రమే తగ్గింది. అయినను అసలు బరువు కంటె రెండింతలకు పైగానే కిరాయి చెల్లించాలి.

ఇక ఓడ సంగతి. మనకు దగ్గరి పెద్ద రేవు 1933లో ప్రారంభమైన విశాఖపట్నం. పలువురి సరకును ఒకే కంటెయినరులో పంపే పద్ధతిలో ఒక ఘనపు మీటరును, ఒక టన్నును సమానంగా లెక్కిస్తారు. మన పెట్టె 0.224 ఘనపు మీటరు మాత్రమే. కాని చాలచోట్ల కనీస కిరాయి ఒక ఘనపు మీటరుకు ఉంటుంది. పైగా ఇరువైపుల రేవు ఖర్చులు, పత్రాల ఖర్చులు తప్పవు. కనుక నలుగురు కలిసి నాలుగు పెట్టెలు పంపితేనే ఓడ చౌక.

ఒంటరి విద్యార్థికి తరచు చౌకగా లభించే మార్గం సైకిలును తన వెంట విమానపు సామానుగా తీసుకుపోవడమే. అనేక విమాన సంస్థలు పెట్టెలో సర్దిన సైకిలును, సాధారణంగా 23 కిలోల పరిమితికి లోబడి, సామానులో భాగంగానో కొంత రుసుముపైనో అంగీకరిస్తాయి. టిక్కెట్టు కొనకముందే ఈ నియమాలు చదవాలి, ముందుగా తెలియజేయాలి. బ్యాటరీ సైకిలుకు ఈ మార్గం లేదు. 160 వాట్-అవర్లకు మించిన బ్యాటరీని ప్రయాణికుల సామానులో అనుమతించరు.

విప్పడంలోను ఒక క్రమం ఉన్నది. మొదట పెడళ్ళు. ఎడమ పెడలు మర ఎదురు మర కనుక దానిని గడియారపు ముల్లు తిరిగే దిక్కున తిప్పితేనే ఊడుతుంది. పిమ్మట ముందు చక్రం, హ్యాండిలు, సీటు. చక్రం తీసిన ఫోర్కు కొనల మధ్య ఒక కర్రముక్క బిగించకపోతే దారిలో అది నొక్కుకుపోతుంది. స్టాండు, క్యారియరు తీసివేస్తే బరువు తగ్గుతుంది. పెట్టెకు డబ్బు పెట్టనక్కరలేదు. గేరు సైకిళ్ళు వచ్చిన అట్టపెట్టెలు దుకాణదారును అడిగితే దొరుకుతాయి. పచ్చి చెక్కపెట్టె మాత్రం వాడరాదు. పురుగులు వ్యాపించకుండ, చెక్క నడిభాగం 56 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 30 నిమిషాలు కాచినట్లు ముద్ర ఉండాలని అనేక దేశాలు కోరుతాయి. అట్టపెట్టెకు, ప్లైవుడ్డుకు ఆ బెడద లేదు.

కొన్న రసీదు భద్రపరచాలి. సైకిలు పాతదని, సొంతదని సుంకం అధికారికి చూపడానికి అదే ఆధారం. ఆస్ట్రేలియా, న్యూజిలాండు వెళ్ళేవారు టైర్లకంటిన మట్టి, గడ్డిగింజలు పూర్తిగా కడగాలి. అక్కడి తనిఖీ కఠినం.

ఇన్ని లెక్కలు వేసిన తరువాత తేలిన మొత్తం అక్కడ పాత సైకిలు కొనే ధరను మించితే, ఇక్కడిది తమ్మునికో చెల్లెలికో ఇచ్చి వెళ్ళడమే వివేకం. ఈ మాట ఆ విద్యార్థికీ చెప్పాను. అతను లెక్క వేసి, తన విమాన సంస్థ రుసుము భరించదగినదేనని తేల్చుకొన్నాడు. సైకిలును తండ్రీ కొడుకులు కలిసే విప్పారు. ఎడమ పెడలు రాక తండ్రి తికమకపడుతుంటే, "ఇటు తిప్పాలి అబ్బా" అని కొడుకు చూపాడట. అక్కడ దానిని ఒక్కడే బిగించుకొని కళాశాలకు వెళుతున్నట్లు తరువాత జాబు వ్రాశాడు.

విద్యార్థులారా, ఎవరో చెప్పిన ధర విని నిరాశ చెందడానికి ముందు టేపు తీసి కొలవండి. గణితం పరీక్షకే గాక బ్రతుకుకు కూడా అక్కరకు వస్తుంది.