పాత వాల్వు ఆంప్లిఫయరులో మోత ఎక్కడ పుడుతోంది?

రేడియోలు, మైకుసెట్లు బాగుచేసేవారికి ఈ ఫిర్యాదు కొత్త కాదు: "పాట వస్తోంది గానీ, వెనకాల గుంయ్‌మనే మోత ఆగడం లేదు." ఇలాంటి సెట్టు చేతికి రాగానే చాలామంది ఫిల్టరు కెపాసిటరు మార్చేస్తారు. ఏళ్ల తరబడి వాడిన కెపాసిటరు లోపల ఎండిపోవడం మామూలే కాబట్టి, తరచు అంతటితో సరిపోతుంది కూడా. మార్చినా మోత తగ్గకపోతే ఏం చేయాలి? అలాంటి ఒక సెట్టును తీసుకొని చూద్దాం. అందులో చివరి దశలో రెండు ఇ.ఎల్.84 వాల్వులు జంటగా, అంటే పుష్‌-పుల్‌ పద్ధతిలో పనిచేస్తాయి. కొత్త కెపాసిటర్లకు డబ్బు పోసిన యజమాని, మోత అలాగే ఉందని సెట్టును మళ్ళీ తెచ్చాడు.

మూత విప్పే ముందు ఒక హెచ్చరిక. ఈ సెట్లలో 300 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు పీకిన తరవాత కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉండి ప్రాణం తీయగలదు. 10 కిలో ఓముల, 5 వాట్ల నిరోధకాన్ని తొడుగున్న క్లిప్పులతో కెపాసిటరు కొసలకు తగిలించి కొంతసేపు ఉంచండి. వోల్టేజి సున్నాకు దిగిందని మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టండి. సెట్టు నడుస్తుండగా కొలవవలసి వస్తే మీటరు నల్లతీగను ముందే ఛాసిస్‌కు క్లిప్పుతో బిగించి, ఒక చేయి వెనక్కి పెట్టుకోండి. అనుభవం ఉన్నవారు పక్కన లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

ఇప్పుడు చెవి ఒగ్గి వినండి. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌. వాల్వుల ఫిలమెంటు తీగల నుంచి చొరబడే మోత ఎక్కువగా ఆ స్థాయిలోనే, బాగా మందంగా ఉంటుంది. పూర్ణతరంగ రెక్టిఫయరు దాటాక మిగిలే హెచ్చుతగ్గులు 100 హెర్ట్జ్‌ దగ్గర ఉంటాయి. ఈ తేడా పట్టడానికి ఒక ఉపాయముంది. మెయిన్స్‌ ట్రాన్స్‌ఫార్మరు తన ఒంటితో చేసే సన్నని రొద కూడా 100 హెర్ట్జే. స్పీకరు మోతను దానితో పోల్చి చూడండి. మన సెట్టులో రెండూ ఒకే శ్రుతిలో ఉన్నాయి.

తరవాత వాల్యూము పూర్తిగా తగ్గించాం. మోత తగ్గలేదు. అంటే వాల్యూము బిరడాకు ముందున్న భాగాల తప్పు కాదు. సెట్టు ఆపి, చల్లారాక, చివరి వాల్వులకు ముందున్న ఇ.సి.సి.83ను తీసి మళ్ళీ వేశాం. (ఫిలమెంట్లు సమాంతరంగా కలిపిన సెట్లలోనే ఇలా చేయాలి. శ్రేణిలో ఉంటే ఒకటి తీయగానే అన్నీ ఆరిపోతాయి.) స్పీకరును మాత్రం తీయకూడదు. మోత కొంచెం పెరిగింది! కంగారు పడకండి. ఆ వాల్వు తీయడంతో, మోతను కొంత అణచిపెడుతున్న రుణ పునర్నివేశం కూడా తెగిపోయింది. మోత పోలేదు కాబట్టి అది చివరి దశలోనే ఉంది.

పుష్‌-పుల్‌ జంటలో సరఫరా హెచ్చుతగ్గులు అవుట్‌పుట్‌ ట్రాన్స్‌ఫార్మరు రెండు సగాలలోనూ సమానంగా, ఎదురెదురుగా పారి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. తాడులాటలో రెండు పక్షాలూ సమానంగా లాగితే నడిమి ముడి కదలదు కదా! ఒక పక్షం నీరసిస్తే ముడి జరుగుతుంది. ఇక్కడ అలా జరిగేది మోతగా వినిపిస్తుంది. అందుకే కెపాసిటరు ఎంత కొత్తదైనా ఫలితం లేకపోయింది.

ప్రతి వాల్వు కాథోడు దగ్గర 270 ఓముల నిరోధకం విడిగా ఉంది. ఒకదానిపై 10 వోల్టులు, రెండవదానిపై 5 వోల్టులే కనిపించాయి. వోల్టులను ఓములతో భాగిస్తే ఒకటి సుమారు 37 మిల్లీ ఆంపియర్లు, రెండవది అందులో సగం లాగుతున్నాయన్నమాట. ఇక్కడ కూడా వెంటనే కొత్త వాల్వు కొనకండి. మేము సెట్టు ఆపి వాల్వులు రెండింటినీ తారుమారు చేశాం. తక్కువ కొలత వాల్వుతోపాటే రెండవ సాకెట్‌కు వెళ్ళింది. తప్పు వాల్వుదే. సమానంగా ప్రవాహం లాగే జత వేశాక, చెవి స్పీకరుకు ఆనిస్తే తప్ప మోత వినిపించలేదు. ఆపాటి మోత ఈ పాత సెట్లకు సహజమే.

పాఠ్యగత ప్రశ్న: వాల్వులు తారుమారు చేసినా తక్కువ కొలత మొదటి సాకెట్ దగ్గరే ఉండిపోతే, మీరు ఏ ఏ భాగాలను పరీక్షిస్తారు? ఎందుకు?