మందు మేలెంత, ముప్పెంత? ఆ లెక్క కట్టే ఉద్యోగం

ఫార్మ్‌డి, బీఫార్మసీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లని తర్వాత ఏం చేస్తారని అడిగితే చాలామంది చెప్పే మాట ‘పీవీ’. అంటే ఫార్మకోవిజిలెన్స్, మందుల భద్రత మీద నిఘా. అందులో పనేమిటని అడిగితే మాత్రం ‘సైడ్ ఎఫెక్టులు సిస్టంలో ఎక్కించడమేగా’ అంటారు. మొదట్లో పని నిజంగానే అలా ఉంటుంది. అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లూ ఉన్నారు, పైకెళ్లేవాళ్లూ ఉన్నారు. తేడా ఒక్కచోటే: మందు చేసిన మేలునీ, తెచ్చిన ముప్పునీ పక్కపక్కన పెట్టి చూడటం వచ్చా, రాదా? అది నేర్చుకోవడానికి లింఫోమాకి వాడే రిటుక్సిమాబ్‌ని మించిన పాఠం లేదని నా అభిప్రాయం.

లింఫోమా అనేది లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. అందులో ఎక్కువ రకాలు బి కణాల్లో మొదలవుతాయి. ఆ కణాల పైన సీడీ20 అనే ప్రొటీన్ ఉంటుంది. రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ దాన్ని పట్టుకుంటే, మిగతా పని మన రోగనిరోధక వ్యవస్థ చూసుకుంటుంది. 1997 నవంబరులో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది. క్యాన్సర్‌కి అక్కడ అనుమతి పొందిన తొలి మోనోక్లోనల్ యాంటీబాడీ ఇదే. పదేళ్లకి, 2007లో, హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ దీని బయోసిమిలర్‌ని రెడిటక్స్ పేరుతో తెచ్చింది.

ముందు మేలు చూద్దాం. వేగంగా ముదిరే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా ఉన్న 60–80 ఏళ్లవాళ్లు 399 మంది మీద ఫ్రాన్స్ పరిశోధకుల ఆధ్వర్యంలో జరిగిన ట్రయల్ ఫలితాలు 2002లో వచ్చాయి. ‘చాప్’ అనే పాత కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో రెండేళ్ల తర్వాత 57 శాతం మంది బతికున్నారు. దానికి రిటుక్సిమాబ్ కలిపితే 70 శాతం. శాతం చెప్పి ఊరుకోకండి, మనుషుల్లోకి మార్చండి: వందమందికి ఇస్తే రెండేళ్ల నాటికి అదనంగా 13 ప్రాణాలు.

ఇక ముప్పు. డేకేర్ వార్డులో తొలి డోసు ఎక్కించేటప్పుడు ముందుగా పారాసిటమాల్, యాంటీహిస్టమిన్ ఇస్తారు. డ్రిప్ గంటకి 50 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టి, ఇబ్బంది లేకపోతే అరగంటకోసారి మరో 50 పెంచుకుంటూ గంటకి 400 దాకా వెళ్తారు. మధ్యలో పేషెంటుకి వణుకు పుడుతుంది, జ్వరమొస్తుంది, బీపీ పడిపోతుంది. నర్సు డ్రిప్ ఆపుతుంది. లక్షణాలు తగ్గాక సగం వేగంతో మళ్లీ మొదలుపెడతారు. అరుదుగా ప్రాణం మీదికీ వస్తుంది. అయినా ఇది కళ్లముందు జరిగేది, పక్కన మనిషి ఉండగా జరిగేది.

హెపటైటిస్ బి అలా కాదు. ఎప్పుడో సోకి ఒంట్లో అణిగి ఉన్న వైరస్, బి కణాలు పోయాక తిరిగి లేస్తుంది. చికిత్స ముగిసిన 24 నెలల వరకూ ఇలాంటి కేసులు నమోదయ్యాయి. కాలేయం పూర్తిగా దెబ్బతిని చనిపోయినవాళ్లున్నారు. మూడోది పీఎంఎల్, జేసీ వైరస్ వల్ల మెదడుకి వచ్చే జబ్బు. చాలా అరుదు. వస్తే దానికంటూ నమ్మదగిన మందు లేదు.

ఈ మూడింటినీ ‘సీరియస్’ అని ఒకే గాటన కట్టేస్తే క్లర్కు పని చేసినట్టే. మొదటిదాన్ని వార్డులో సంభాళించవచ్చు. రెండోదాన్ని చికిత్సకి ముందు చేసే రక్తపరీక్షతో కనిపెట్టి, యాంటీవైరల్ మందు మొదలుపెట్టి చాలావరకు ఆపవచ్చు. మూడోదాన్ని కనిపెట్టుకుని ఉండటం తప్ప పెద్దగా చేయగలిగింది లేదు. ఇదే మందుని 2006 నుంచి కీళ్లవాతానికీ వాడుతున్నారు. పీఎంఎల్ అక్కడా రావచ్చు. కాకపోతే ఆ పేషెంటు జబ్బు నెలల్లో చంపేది కాదు, వేరే మందులూ ఉన్నాయి. అదే ముప్పు అక్కడ ఎక్కువ బరువు తూగుతుంది.

లింఫోమాలోనే ఇంకో చిక్కు ఉంది. నెమ్మదిగా పెరిగే ఫాలిక్యులర్ రకానికి, కీమో అయ్యాక రెండేళ్లు మెయింటెనెన్స్‌గా రిటుక్సిమాబ్ ఇస్తే ఏమవుతుందో ప్రైమా ట్రయల్ చూసింది. జబ్బు మళ్లీ ముదరకుండా ఉన్న కాలం సగటున నాలుగేళ్ల నుంచి పదేళ్లు దాటింది. పదేళ్ల తర్వాత బతికున్నవాళ్ల లెక్కలో మాత్రం తేడా లేదు. ఇన్ఫెక్షన్లు పెరిగాయి. ఇవ్వాలా, వద్దా? దీనికి గైడుబుక్‌లో ఒక్క జవాబు దొరకదు. ఇలాంటి ప్రశ్నల్ని తప్పించుకోకుండా రాయగలిగినవాళ్లే కంపెనీలకి కావాలి.

రోజువారీ పనిలో ఇది ఎలా తగులుతుందో చూడండి. ఒక కేసు వచ్చిందనుకుందాం: 58 ఏళ్ల మగమనిషి, రిటుక్సిమాబ్, మూడు నెలలకి పచ్చకామెర్లు. అంతే ఉంది. కొత్తవాళ్లు కోడింగ్ చేసి పంపేస్తారు. పని తెలిసినవాళ్లు డాక్టరుకి ప్రశ్నలు రాస్తారు. ఏ బ్రాండు, ఏ బ్యాచ్? బయోలాజికల్ మందుకి ఇవి తెలియకపోతే కేసు సగం పనికిరాదు. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష చేశారా? చివరి డోసు ఎప్పుడు? పక్కన స్టెరాయిడ్ ఉందా? ‘చాప్’లో ప్రెడ్నిసోలోన్ ఉంటుంది, వైరస్‌ని అదీ లేపగలదు. తీవ్రమైన, ముందు ఊహించని రియాక్షన్ అయితే అధికారులకి 15 రోజుల్లో చేరాలి, కాబట్టి ఇవన్నీ తీరిగ్గా అడిగే వీలుండదు.

కేసు ప్రాసెసింగ్ తర్వాత క్వాలిటీ రివ్యూ, సిగ్నల్ డిటెక్షన్ (కొత్త ముప్పుల జాడ పట్టడం), కంపెనీలు నిర్ణీత గడువుల్లో ఇచ్చే మేలు–ముప్పు మదింపు నివేదికలు, రిస్క్ మేనేజ్‌మెంట్ ప్లాన్లు – దారి ఇలా సాగుతుంది. మెడికల్ రివ్యూయర్ కుర్చీ మాత్రం సాధారణంగా డాక్టర్లదే, ఫార్మసీవాళ్లు ఆ సంగతి ముందే తెలుసుకుని ఉండటం మంచిది. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకి సిగ్నల్స్ వైపు చోటుంది. క్యాన్సర్ వార్డులో చేసిన నర్సులు తమకున్న అనుభవాన్ని బయోడేటాలో ఒక్క లైనులో సరిపెట్టేస్తారు. డ్రిప్ ఆపాల్సిన క్షణాన్ని చూసినవాళ్లు రాసే కేసు నెరేటివ్ వేరుగా ఉంటుంది, ఆ లైనుని పేరాగా పెంచండి.

కోచింగ్ సెంటర్లకి డబ్బు కట్టే ముందు రిటుక్సిమాబ్ ప్రిస్క్రైబింగ్ ఇన్ఫర్మేషన్ దింపుకుని, పెట్టె కట్టి ఇచ్చిన హెచ్చరికల నుంచి చదవండి. ఉచితం. సర్టిఫికెట్‌తో పాటు ఉద్యోగం పూచీ కూడా మాదేనని ముందే డబ్బడిగేవాళ్ల జోలికి పోకండి. మన దేశ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది, ఇప్పుడు దాన్ని గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. దీని కింద ఎన్నో మెడికల్ కాలేజీల్లో ఏడీఆర్ (మందుల దుష్ప్రభావాలు) మానిటరింగ్ సెంటర్లున్నాయి, సాధారణంగా ఫార్మకాలజీ విభాగంలో. ఇంటర్న్‌షిప్‌లో ఉన్నప్పుడే అక్కడికి వెళ్లి, వార్డులో మీరు చూసిన ఒక రియాక్షన్‌కి ఫారం నింపి ఇవ్వండి. సెంటర్ ఎక్కడుందో తెలియకపోతే టోల్‌ఫ్రీ నంబరు 1800 180 3024కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు.