సాలగ్రామములోని సముద్రము

చిరంజీవి మనుమరాలికి, తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.  

ఖండములు కదలుచున్నవని పాఠములో చదివితివనియు, భూమి పైపొరలోని పెద్దపలకల పేర్లు ఏడింటిని కంఠస్థము చేసి పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకొంటివనియు, అయినను ఆ మాట నీకు నమ్మబుద్ధి కాలేదనియు వ్రాసితివి. మార్కులకంటె ఆ అపనమ్మకమే నాకెక్కువ సంతోషము కలిగించినది. కాళ్లక్రింద స్థిరముగా నున్న నేల కదలుచున్నదని ఎవరో చెప్పినంతమాత్రమున నమ్మనక్కరలేదు, సాక్ష్యమడుగుము.

ఒక సాక్ష్యము మన దేవుని పెట్టెలోనే యున్నది. నాయనమ్మ నిత్యము అభిషేకము చేయు నల్లని సాలగ్రామములోని చక్రమును చిన్నతనమున నీవు వ్రేలితో తడిమి, ఇందులో నత్త యున్నదా అని అడిగితివి, జ్ఞాపకమున్నదా? నీ ప్రశ్న సత్యమునకు మిక్కిలి దగ్గరిది. ఆ చక్రము ఏనాడో అంతరించిన అమ్మొనైటు అను సముద్రజీవి గుల్ల రాతిలో విడిచిన రూపము. సాలగ్రామములు దొరకునది నేపాళమున ముక్తినాథ ప్రాంతపు గండకీనదిలో. ఆ ముక్తినాథమో సముద్రమట్టమునకు 3,700 మీటర్లకు పైనున్నది. భారతభూమికిని ఆసియాకును నడుమ ఒకప్పుడు టెథిస్ అను సముద్రముండెననియు, దక్షిణమునుండి వచ్చిన మన భూమి సుమారు 5 కోట్ల ఏండ్లనాడు ఆసియాను తాకగా ఆ సముద్రగర్భపు మన్ను మడతలుపడి హిమాలయమై లేచెననియు తెలిసినపుడుగాని, కడలిజీవి కొండకెక్కిన కథ బోధపడదు. నేను ఆ రాతికి నమస్కరింతును, దానినుండి పాఠమును నేర్చుకొందును. ఈ రెంటికిని నాలో ఎన్నడును కలహము రాలేదు.

ఇంకొక సాక్ష్యమును నేనే చూచితిని. గోదావరిలోయ సింగరేణి బొగ్గుగనులలో కొలువున్న కాలమున, బొగ్గుపొర పైకప్పునుండి రాలిన బూడిదరంగు రాతిని చీల్చగా, నాలుకవలె పొడవైన ఆకు అచ్చులు బయటపడెడివి. దాని పేరు గ్లాసోప్టెరిస్. అదే ఆకు ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, దక్షిణ అమెరికాలోను, తుదకు మంచుచే కప్పబడిన అంటార్కిటికాలోను దొరకినది. 1912లో కెప్టెన్ స్కాట్ దక్షిణధ్రువమునుండి మరలివచ్చుచు, ఆకలిచేతను చలిచేతను నశించుచున్న దశలోను, సహచరులతో సుమారు 16 కిలోల రాళ్లను బండిపై లాగుకొనివచ్చెను. వారి కళేబరములతోపాటు దొరకిన ఆ రాళ్లలో ఈ ఆకే యుండెను. ఆ మహానుభావులు ప్రాణములకంటె బరువుగా మోసినది మన సింగరేణి ఆకునే యని తలచినపుడెల్ల నా కండ్లు చెమర్చును.

ఆ 1912వ సంవత్సరము జనవరిలోనే జర్మనీలో ఆల్ఫ్రెడ్ వెగెనర్ అను వాతావరణశాస్త్రజ్ఞుడు, ఖండములన్నియు ఒకప్పుడు ఒక్కటిగా నుండి విడిపోయినవని ప్రకటించెను. ఏ బలము వాటిని త్రోసినదని అడిగినవారికి ఆయన చూపిన భూభ్రమణబలమును, సూర్యచంద్రుల ఆకర్షణయు మిక్కిలి స్వల్పములని పండితులు లెక్కకట్టి తేల్చిరి. ఆ లెక్క తప్పుకాదు. కాని కారణము కుదరలేదని కార్యమునే త్రోసిపుచ్చుట తప్పు. నిప్పెక్కడనున్నదో చెప్పలేకపోయినంతమాత్రమున కన్నులార చూచిన పొగ అబద్ధమగునా? వెగెనర్ 1930లో, తన యాబదియవ జన్మదినమున, గ్రీన్లాండు మధ్యనున్న శిబిరమును విడిచి బయలుదేరి, ఆ మంచులోనే మరణించెను. తన మాట నెగ్గుట ఆయన చూడలేదు.

నిప్పు సముద్రపు అడుగున దొరకినది. 1960వ దశకములో హెస్, వైన్, మాథ్యూస్ మొదలగు శాస్త్రజ్ఞుల కృషివలన, సముద్రమధ్యపు పర్వతపంక్తులయొద్ద క్రొత్త శిల పుట్టి ఇరువైపులకు జరుగుచున్నదని తేలినది. కనుకనే ఖండములమీద 300 కోట్ల ఏండ్ల రాళ్లుండగా, సముద్రతలమున 20 కోట్ల ఏండ్లకు మించినవి దాదాపు కానరావు. ఖండము పడవవలె నీటిని చీల్చుకొని పోవుటలేదు, సముద్రపు అడుగుతో కూడ ఒకే పలకయై పోవుచున్నది. పలకలక్రింద ద్రవముండునని కొందరు వ్రాయుదురు, అట్లు నేర్వకుము. అది ఘనశిలయే. అటకమీది బెల్లపు అచ్చు వానకాలపు తేమకు మెత్తబడి, గట్టిగా నుండియే తన బరువుకు తాను కుంగునట్లు, ఆ శిల వేడికి మెత్తబడి యుగములమీద ప్రవహించును. దానిపైనున్న మన పలక నేడు ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు, ఇంచుమించు నీ గోరు పెరుగునంత, ఈశాన్యదిక్కునకు జరుగుచున్నది.

సెలవులలో ఆఫ్రికా, దక్షిణ అమెరికాల పటములను పలుచని కాగితముపై గీసి, కత్తిరించి, చేర్చి చూడుము. తీరరేఖవెంట కత్తిరింపకుము, తీరము సముద్రమట్టముతో మారునది. నీటిక్రింద మునిగియున్న ఖండతీరపు తిన్నె చివరవరకు తీసికొన్నచో అతుకు మరింత చక్కగా కుదురును.

నాయొద్దనున్న ఆకురాతిని మీ నాన్నచేత పంపుచున్నాను. నీళ్లతో కడుగకుము, పొరలు విడిపోవును. సాయంకాలము ఏటవాలు వెలుగులో పట్టి చూడుము: మొదట నడిమి ఈనె కానవచ్చును, పిమ్మట దానికి ఇరువైపుల వలవలె అల్లుకొన్న సన్నని ఈనెలు ఒక్కొక్కటిగా తేలివచ్చును.

ఇట్లు,
ఆశీస్సులతో,
తాతయ్య